జనవరి మంట, ఏప్రిల్ మంట

 

స్మారకోపన్యాసం అంటే మొదటి పావుగంట ఆ పెద్దమనిషి గుణగణాలు చెప్పడం ఆనవాయితీ. ఈ సభ ఎవరి జ్ఞాపకార్థమో ఆ మాస్టారికి అది గిట్టేది కాదు. వృక్షశాస్త్రం చెప్పిన మనిషి, తన గురించి ఎవరైనా మొదలుపెడితే మాట చెట్ల మీదికి మళ్లించేవారు. అందుకని ఒక్క సంగతి చెప్పి అసలు విషయంలోకి వెళతాను. అడవి తగలబడిందని ఎవరొచ్చి చెప్పినా ఆయన ముందుగా అడిగేది "ఏ నెలలో?" అని. ఎన్ని ఎకరాలు పోయాయి, ఎవరు అంటించారు అన్నవి ఆ తర్వాతే. అటవీ శాఖలో ఉద్యోగం వెలగబెట్టిన నాకు ఆ ప్రశ్న మొదట్లో వింతగా ఉండేది. మా లెక్కంతా విస్తీర్ణంతోనూ నష్టంతోనూ నడిచేది. తేదీ కూడా రాసేవాళ్లం, రాయాలి కాబట్టి. ఈ రోజు నేను మాట్లాడబోయేదంతా ఆ తేదీ గురించే.

నల్లమల మీలో చాలామందికి శ్రీశైలం బస్సు కిటికీలోంచి తెలుసు. కృష్ణకూ పెన్నకూ నడుమ ఉత్తర దక్షిణాలుగా సాగిన కొండల వరస అది. కృష్ణకు అవతల అమ్రాబాద్ గుట్టలు కూడా ఆ అడవిలో భాగమే. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం ప్రాంతం పులుల అభయారణ్యమైంది. 2014లో రాష్ట్రం రెండయ్యాక నదికి అటువైపు ఉన్నది అమ్రాబాద్ టైగర్ రిజర్వు పేరుతో తెలంగాణకు వెళ్లింది. విస్తీర్ణంలో మన వైపు మిగిలినదే దేశంలోని పులుల అభయారణ్యాలన్నింటిలోకీ పెద్దది.

చట్టాలు ఎన్ని మారినా చెట్లు మాత్రం పాతవే. టేకు, నల్లమద్ది, చిరుమాను, యేగి, తునికి, మోదుగ, తపసి, వెదురు. ఇవన్నీ ఆకు రాల్చేవి. సంక్రాంతి నాటికి మొదలై మార్చి వచ్చేసరికి అడవి నిలువునా బోడిదైపోతుంది. రాలిన ఆకు చీలమండ లోతున పడి ఉంటుంది, అడుగు వేస్తే అప్పడాలు విరిగినట్టు చప్పుడు. దీనికి తోడు కొండవాలుల మీద బోదగడ్డి. మనిషి ఎత్తు పెరిగి, పూత పూసి, అలాగే నిలబడి ఎండిపోతుంది. వానలు బాగా కురిసిన ఏడాది తర్వాతి ఎండాకాలంలో నిప్పు భయం తగ్గుతుందని బయటివాళ్లు అనుకుంటారు. జరిగేది దీనికి తలకిందులు. వాన బాగుంటే గడ్డి బాగా పెరుగుతుంది, గడ్డి పెరిగితే మార్చిలో మంటకు మేత పెరుగుతుంది. ఇక ఎండలు ముదిరి, గాలిలో తేమ పడిపోయి, మధ్యాహ్నం పూట వడగాలి లేచిందంటే, ఒక్క నిప్పురవ్వ చాలు.

వాలు సంగతి వేరే చెప్పాలి. మంట ఎత్తుకు పరుగెత్తుతుంది. పైనున్న గడ్డిని ముందే వేడిచేసి, ఆరబెట్టి, ఆపైన అందుకుంటుంది. ప్రతి పది డిగ్రీల వాలుకూ దాని వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని మంటలార్పేవాళ్ల మోటు లెక్క. 2018 మార్చి 11న తమిళనాడులో తేని జిల్లా కురంగణి కొండల్లో 20 మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయారు. వాళ్లు చిక్కుకున్నది ఎండిన గడ్డి వాలులో. మంట దిగువనుంచి వస్తుంటే ఎగువకు పరుగెత్తి గెలిచే మనిషి లేడు.

అయినా మన అడవి మంటను టీవీలో చూసే కాలిఫోర్నియా మంటతో పోల్చుకోకూడదు. అక్కడున్న మన పిల్లలు పంపే వీడియోల్లో చెట్ల తలలమీదుగా మంటలు దూకుతుంటాయి. నల్లమలలో అలా జరగడం అరుదు. ఇక్కడ మంట నేలబారున నడుస్తుంది, చాలాసార్లు మోకాలెత్తు మించదు. పెద్ద చెట్టు మొదలు నల్లబడుతుంది, వాన పడగానే చిగురిస్తుంది. అందుకే "ఏముందిలే, ఏటా కాలేదేగా" అనే మాట జనంలోనూ, నిజం చెప్పాలంటే మా శాఖలోనూ వినబడుతుంది. పోయేది కంటికి కనబడని తరం. వేలెడంత మొలకలు, రెండు మూడేళ్ల మొక్కలు, నేలమీద గుడ్లు పెట్టే పక్షులు, తాబేళ్లు. టేకు మొక్క మొండిది. పైభాగం కాలిపోయినా వేరు బతికి ఉండి మళ్లీ మొలుస్తుంది, మరుసటేడు మళ్లీ కాలుతుంది. ఏళ్ల తరబడి అలా లేస్తూ పడుతూ ఉన్న మొక్కలు నల్లమలలో కోకొల్లలు. వేరు లావుగా, కాండం చిటికెన వేలంత. అది చూపించి వయసు చెప్పమంటే ఫారెస్టు కాలేజీ కుర్రాళ్లు కూడా తడబడతారు.

మరి అంటించేదెవరు? పిడుగు కాదు. మనవైపు పిడుగు వానతో కలిసి వస్తుంది, దాని మంట దాని వెనకే ఆరిపోతుంది. మిగిలింది మనిషే. పశువులు మేపేవాడికి కొత్త గడ్డి కావాలి. ఉత్తరాన గోదావరి జిల్లాల అడవుల్లో తునికాకు కాంట్రాక్టు ఉన్నచోట పొదలు కొట్టి కాలిస్తే లేత ఆకు గుబురుగా వస్తుందని నమ్మకం. ఇప్పపూలు ఏరేవాళ్లు చెట్టు కింద ఆకు తగలబెట్టి నేల శుభ్రం చేసుకుంటారు. అడవి అంచున పొలాల్లో పంట మోళ్లు కాలిస్తే గట్టు దాటి లోపలికి పాకుతుంది. వేటగాళ్లున్నారు. ఫారెస్టువాళ్ల మీద కోపం తీర్చుకునేవాళ్లూ ఉన్నారు, ఆ కోపాలన్నీ ఉత్తపుణ్యానికి పుట్టినవీ కావు.

ఇక భక్తులు. శివరాత్రికి ఆత్మకూరు వైపునుంచి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా వేలాదిమంది కాలినడకన శ్రీశైలం చేరతారు. ఉగాదికి కర్ణాటకనుంచి వచ్చే నడక భక్తుల ప్రవాహం ఇంకా పెద్దది. చైత్ర పౌర్ణమికి అమ్రాబాద్ లోపల సలేశ్వరం జాతర. మన పంచాంగం ఈ మూడింటినీ సరిగ్గా ఆకు రాలి అడవి ఎండిన రోజుల్లోనే పెట్టింది. వీళ్లు దారిలో వంట చేసుకోవాలి, మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించాలి. బీడీ ముక్కలు, అగ్గిపుల్లలు, హారతి కర్పూరాలు సరేసరి. భక్తుల మీద నాకు ఫిర్యాదు లేదు. రోడ్డున కార్లలో పోతూ సిగరెట్టు కిటికీలోంచి విసిరేవాళ్లతో పోలిస్తే నడిచి వచ్చేవాడికి అడవంటే భయమూ భక్తీ రెండూ ఉన్నాయి.

ఈ జనం విషయంలో నిషేధం కావాలి, గట్టిగా కావాలి. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా దారివెంట పొయ్యి ఉండకూడదు. అన్నదానం పెట్టేవాళ్లు నిర్ణయించిన చోట, చుట్టూ ఆకు ఊడ్చి, నీళ్ల డ్రమ్ము పక్కన పెట్టుకుని మాత్రమే వండాలి. చెక్‌పోస్టులో అగ్గిపెట్టె అడిగి తీసుకుంటే అది భక్తికి అవమానం కాదు. దీనిమీద నాకు రెండో ఆలోచన లేదు. పేచీ అంతా అడవిలోనే పుట్టి పెరిగినవాళ్ల నిప్పు దగ్గరే.

కొంచెం వెనక్కి వెళదాం. అడవిలో నిప్పును పూర్తిగా ఆపాలన్న ఆలోచన మనకు 1860లలో వచ్చింది. మధ్య పరగణాల్లో బోరి అడవిని మంటనుంచి కాపాడడంలో పియర్సన్ అనే అధికారి గెలిచాడు, ఆ గెలుపు దేశమంతటికీ నమూనా అయింది. అడవి అంటే టేకు, సాల్ కలప నిల్వ అనుకున్న ప్రభుత్వానికి మొలక కాలడమంటే ఖజానా కాలడమే. కర్నూలు నల్లమల మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి 1882 మద్రాసు అటవీ చట్టం ఇక్కడ అమలైంది. నది అవతల అమ్రాబాద్ నిజాం ఏలుబడి, అక్కడి చట్టం వేరు. 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చి రెండింటినీ ఒకటి చేసింది. మిగతా దేశంలో చాలా రాష్ట్రాలు నేటికీ వాడేది 1927 భారత అటవీ చట్టం. దాని 26వ సెక్షన్ రిజర్వు అడవిలో నిప్పు పెట్టడాన్నే కాదు, నిప్పు వెంట ఉంచుకోవడాన్ని కూడా నేరం చేసింది. అదే సెక్షన్లో ఇంకో మాట ఉంది: కావాలని గానీ ఘోరమైన నిర్లక్ష్యంతో గానీ అడవికి నిప్పు పెడితే, ఆ ప్రాంతంలో పశువుల మేత హక్కును, అటవీ ఉత్పత్తుల హక్కును ప్రభుత్వం మొత్తంగా నిలిపేయవచ్చు. ఒకడు చేసిన పనికి ఊరంతటి పశువులు పస్తుండాలన్నమాట. ఊరు అడవికి దూరమవడానికి ఇలాంటి వాక్యం ఒక్కటి చాలు.

విచిత్రమేమిటంటే ఈ విధానాన్ని మొదట ప్రశ్నించింది శాఖలోనివాళ్లే. బర్మా టేకు అడవుల్లో పనిచేసిన స్లేడ్ అనే అధికారి 1896లో ఇండియన్ ఫారెస్టర్ పత్రికలో, బర్మాలో మంటలను అతిగా ఆపుతున్నామని రాశాడు. నిప్పు లేకపోయేసరికి వెదురూ పిచ్చిపొదలూ కమ్ముకుని టేకు మొలక లేవడం మానేసింది. పై అధికారులకు మొదట రుచించలేదు. వాదన ఏళ్ల తరబడి నడిచింది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో బర్మాలో చాలా అడవులకు ఆ రక్షణ ఎత్తేశారు. ఆ చర్చ చదివిన మనవాళ్లు తక్కువ. మద్రాసు ఫైళ్లలో మాత్రం "మంట = నేరం" అన్న సమీకరణం చెక్కుచెదరలేదు.

మనకు దగ్గరి ఉదాహరణ కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండలు. అక్కడి సోలిగ గిరిజనులు చలికాలం చివర, ఆకు పొర పలచగా ఉండగానే నేలమంట పెట్టేవాళ్లు, దాన్ని తరగు బెంకి అంటారు. 1974లో అది అభయారణ్యం అయింది, మంట ఆగింది. ఆ తర్వాత అడవిలో లాంటానా కంప అల్లుకుపోయింది. అంకిలా హిరేమఠ్, భరత్ సుందరం అనే పరిశోధకులు 1997కూ 2008కీ మధ్య అది పరుచుకున్న మేర ఇంచుమించు రెట్టింపైందని లెక్కగట్టారు. సోలిగలు చెప్పేది, తమ మంట ఆపడం వల్లే కంప పెరిగిందని. అదే పరిశోధకులు 2005లో ఇంకో మాట ప్రతిపాదించారు: మంట లాంటానాను పెంచుతుంది, లాంటానా మంటను పెంచుతుంది, ఒకదాన్ని ఒకటి పోషించుకుంటాయని. పైకి ఈ రెండూ పొసగని మాటల్లా ఉన్నాయి. మాస్టారి ప్రశ్న వేసి చూడండి. చిన్న మొలకను చంపే జనవరి మంట వేరు, ఎండిన కంపను నిలువునా అంటుకుని పైచెట్లను కూడా కాల్చి, ఖాళీ అయిన నేలను మళ్లీ కంపకే అప్పజెప్పే ఏప్రిల్ మంట వేరు. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. బిళిగిరి అడవి వేరు, నల్లమల వేరు, అక్కడి పాఠాన్ని ఇక్కడ అచ్చు గుద్దలేమని ఒప్పుకుంటూనే ఈ మాట అంటున్నాను.

జనవరి మంట ఎలా ఉంటుందో చూడనివాళ్ల కోసం చెబుతాను, ఎందుకంటే శాఖ కూడా దాన్ని ఏటా పెడుతుంది. ఫైర్ లైను కాల్చడం అంటే అదే. అడవిని ముక్కలుగా విడదీసే ఖాళీ దారి అది. ముందు రెండు అంచులా గడ్డి కోసి, ఆకు ఊడ్చి, మధ్యలోకి చేరుస్తారు. పొద్దు వాలి గాలి పడ్డాక మొదలుపెడతారు. వాచర్లలో ఈ అడవిలోనే పుట్టి పెరిగిన చెంచు కుర్రాళ్లే ఎక్కువ. వాళ్లలో పెద్దవాడు పిడికెడు దుమ్ము ఎత్తి వదులుతాడు, అది ఎటు పోతే దానికి ఎదురుగా మంట నడిచేలా అంటిస్తాడు. గాలికి ఎదురు నడిచే మంట మొరాయించే ఎద్దులాంటిది అనబోయి ఆగాను. మెల్లగా, పొట్టిగా కదులుతుందంటే చాలు. రెండు అంచులా పచ్చి కొమ్మలు పట్టుకుని మనుషులు నిలబడతారు. అంచు దాటిన చోట కొమ్మతో కొట్టరు, కొడితే రవ్వలు లేస్తాయి. కొమ్మను మంట మీద పరిచి నొక్కి, లోపలివైపు ఈడుస్తారు. మంట పోయిన వెనకే బూడిద పక్కకు నెట్టి నేలమీద అరచెయ్యి పెట్టి చూస్తే పైన వెచ్చగా, వేలు దూర్చితే కింద చల్లగా ఉంటుంది. కింది ఆకు పొర ఇంకా చెమ్మగా ఉండబట్టి పై పొర మాత్రమే కాలింది. అర్ధరాత్రి దాటాక మంచు దిగి, మిగిలిన నిప్పు దానంతట అదే చస్తుంది.

అదే చోట ఏప్రిల్‌లో మంట పోయాక చెయ్యి పెట్టలేరు. పడిపోయిన మొద్దులు, ఎండిన వేళ్లు లోలోపల రోజుల తరబడి రాజుకుంటూ ఉంటాయి. ఆరిందనుకుని సిబ్బంది వెళ్లిపోతే మర్నాడు మధ్యాహ్నం గాలికి మళ్లీ లేస్తుంది. ఆకు ఊదేసే బ్లోయర్లు ఇప్పుడు వచ్చాయి, మంచి సాధనాలే. ఎగుడుదిగుడు రాళ్లలో బరువైన ఆ యంత్రాన్ని వీపున మోసుకుని, మూడు నాలుగు గంటలు నడిచి మంట దగ్గరికి చేరినవాడి సంగతి ఆలోచించండి. తిరుమల కొండల్లో 2014 మార్చిలో మంటలు లేస్తే వైమానిక దళం హెలికాప్టర్లు రావలసి వచ్చింది. నల్లమల లోపలి లోయలకు హెలికాప్టర్ ఎవరూ పంపరు.

ఆకాశంనుంచి కన్ను మాత్రం ఉంది. 2004 నుంచి భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాలు పట్టిన మంటల సమాచారం రాష్ట్రాలకు పంపుతోంది. మొదట కిలోమీటరు గడిలో చూసే మోడిస్ పరికరం, తర్వాత 375 మీటర్ల గడిలో చూసే వీర్స్. బీట్ ఆఫీసర్ ఫోనుకే సందేశం వస్తుంది. ఇది మేలే, కాదనను. 2023–24 మంటల కాలంలో కాలిన అడవి ఆంధ్రప్రదేశ్‌లో 5,200 చదరపు కిలోమీటర్లకు పైనేనని, తెలంగాణలో దాదాపు 4,000 అని మనకు తెలిసింది ఉపగ్రహాల పుణ్యమే. దేశంలో ఏ రాష్ట్రమూ మన ఆంధ్రప్రదేశ్‌ను దాటలేదు. కానీ ఉపగ్రహానికి జనవరి మంటా చుక్కే, ఏప్రిల్ మంటా చుక్కే. ఏ డివిజన్లో ఎన్ని చుక్కలు అన్నది సమీక్షా సమావేశంలో తెరమీద పడినప్పుడు, ముందుగా పెట్టిన చిన్న మంట కూడా ఆఫీసరు ఖాతాలో మచ్చ అవుతుంది. అలాంటప్పుడు జనవరిలో కాల్చేదెవరు? ఫైర్ లైను మించి ఎవరూ కాల్చరు. ఆకు అలాగే పేరుకుంటుంది, ఏప్రిల్ దాకా ఆగుతుంది.

చెంచుల దగ్గరికి వద్దాం. ఋతువును బట్టి మకాం మార్చే ఈ జనం గురించి మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫ్ 1943లో వేసిన పుస్తకం నేటికీ ఆధారం. పెంటలనే వాళ్ల గూడేల్లో నిప్పు ఎన్నడూ ఆరదు. పెద్ద తేనె కొండచరియలకు పడుతుంది. నార తాడు దిగి, ఆకు పొగ పెట్టి, ఈగను లేపి తీసే తేనె అది. పొగ లేకుండా తీయలేరు. ఆ తేనెనే గిరిజన సహకార సంస్థ కొంటుంది, సీసాలో పోసి మనకు అమ్ముతుంది, మనం నాణ్యమైనదని మెచ్చుకుని కొంటాం. అదే చెంచు ఎండాకాలంలో పొగకట్ట పట్టుకుని అడవిలో కనబడితే చట్టం దృష్టిలో నిప్పు వెంట ఉంచుకున్న నేరస్థుడు. ఆపైన మంట లేచిన రోజు ఆర్పడానికి ముందు పిలిచేదీ అతన్నే. పుట్టెడు తెలివి ఉన్న మనిషిని పగలు వాచరుగా, రాత్రి ముద్దాయిగా చూస్తున్నాం.

చెంచులకు అన్నీ తెలుసని, వాళ్లకు వదిలేస్తే అడవి బాగుపడుతుందని నేను అనను. అలా అనేవాళ్లు పట్నాల్లో ఎక్కువ. మకాం మార్చే బతుకు చాలామందికి పోయింది, కొత్త తరంలో నిప్పు చదవడం రానివాళ్లు ఉన్నారు. ఏటా ఒకేచోట కాలిస్తే జనవరి మంట కూడా మొలకల్ని మింగుతుంది. ఈ ఏడాది ఇక్కడ, వచ్చే ఏడాది అక్కడ అంటూ వదిలివదిలి, మచ్చలు మచ్చలుగా కాల్చాలి. పులి పిల్లల్ని పెట్టే లోయలు వదిలేయాలి. తపసి బంక తీసే చెట్ల చుట్టూ ముందే ఊడ్చాలి. వీటికి ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అని తేల్చే ఏర్పాటు కావాలి.

ఆ ఏర్పాటుకు కొత్త చట్టం అక్కరలేదని నా వాదన. నేను ఇందాక చెప్పిన 26వ సెక్షన్‌నే మళ్లీ చదవండి. అటవీ అధికారి ప్రకటించిన ఋతువుల్లో తప్ప నిప్పు వెలిగించకూడదు అంటుంది. 1882 మద్రాసు చట్టంలోనూ ఇదే పోకడ. అంటే నిప్పుకు ఒక ఋతువు ఉంటుందని, దాన్ని అధికారి ప్రకటించవచ్చని చట్టం రాసినవాళ్లే ఒప్పుకున్నారు. తలుపు ఉంది, తీసినవాళ్లు అరుదు. ఇటు 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ అడవిని కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. 2018లో కేంద్రం ప్రకటించిన అటవీ మంటల జాతీయ కార్యాచరణ ప్రణాళిక కూడా స్థానిక జనాన్ని కలుపుకోమంటోంది. ఈ మూడింటినీ ఒక రేంజి ఆఫీసు బల్లమీద పక్కపక్కన పెడితే చాలు.

డిసెంబరులో పెంట పెద్దలు, బీట్ ఆఫీసరు, రేంజి ఆఫీసరు కలిసి నడిచి, ఈ ఏడాది కాల్చాల్సిన మచ్చలు మ్యాపు మీద గుర్తుపెట్టాలి. జనవరి మొదటి వారం నుంచి నెలాఖరు దాకా, సాయంత్రం పూట మాత్రమే, గాలి చూసి కాల్చాలి. ఆకు చెమ్మ ఆరిందని పెద్దలు చెప్పిన రోజున, అది జనవరి 20 అయినా సరే, ఆపేయాలి. ఫిబ్రవరి ఒకటి నుంచి అడవి కాల్చడం నిషేధం, ఇందులో ఎవరికీ మినహాయింపు లేదు. తేనెకు పొగ పెట్టే జట్లు మాత్రం పేర్లు రాయించి, వెంట నీళ్లూ వాచరూ ఉండేలా వెళ్లాలి. ఉపగ్రహం పట్టిన చుక్కల్లో ముందే మ్యాపులో ఉన్నవి వేరే రంగులో చూపాలి, సమీక్షలో లెక్కించకూడదు. ఒక్క రేంజిలో, ఐదేళ్లు, పక్కనే కాల్చకుండా వదిలిన ముక్కతో పోల్చుకుంటూ చేసి చూద్దాం. మొలకలు లెక్కపెడదాం. నా అంచనా తప్పయితే ఆ ముక్కలే చెబుతాయి.

దీన్ని నేను ఇదివరకు కొందరు అధికారుల ముందు పెట్టాను. ఎవరూ కొట్టిపారేయలేదు. అందరూ ఒకే ప్రశ్న అడిగారు: జనవరి మంట గీత దాటితే మెమో ఎవరికి? న్యాయమైన ప్రశ్నే. ఇప్పటి పద్ధతిలో ఏప్రిల్‌లో వెయ్యి ఎకరాలు కాలితే కారణం గడిలో "గుర్తు తెలియని వ్యక్తులు" అని రాసి బయటపడవచ్చు. జనవరిలో అనుమతి ఇచ్చి పది ఎకరాలు ఎక్కువ కాలితే మాత్రం సంతకం పెట్టినవాడి పేరు ఉంటుంది. అందుకే ఆ అనుమతి ఉత్తర్వు డివిజను స్థాయిలో రావాలి, కింద గ్రామసభ తీర్మానం ఉండాలి, మ్యాపు ప్రకారం నియమాలు పాటించి కాల్చిన మంట దాటినా బీట్ ఆఫీసరు మీద గానీ పెంటవాళ్ల మీద గానీ కేసు ఉండదని అందులోనే రాయాలి. ఈ ఏడాది జనవరి వెళ్లిపోయింది. వచ్చే జనవరికి ఆ కాగితం చేతిలో ఉండాలంటే వానాకాలంలోనే ఫైలు కదలాలి. సభలో శాఖవాళ్లు ముందు వరసలో కూర్చున్నారు కాబట్టి ముసాయిదా ఒకటి రాసి తెచ్చాను, సభ అయ్యాక ఇస్తాను.